డేటు దాటిన డెవలపర్‌తో రీలు కడగొచ్చా?

మా మేనమామ నెల్లూరులో పాతికేళ్లకు పైగా ఫొటో స్టూడియో నడిపారు. డిజిటల్ వచ్చాక కొన్నాళ్లు పాస్‌పోర్టు ఫొటోలతో నెట్టుకొచ్చి, చివరికి షట్టర్ దించేశారు. ఈమధ్య ఇంటికి రంగులు వేయిస్తూ మెట్ల కింద రేకులేసిన డార్క్‌రూమ్ ఖాళీ చేస్తుంటే ఒక అట్టపెట్టె బయటపడింది. పెయింటర్లు దాన్ని తీసుకెళ్లి సైడు కాలవ పక్కన పెట్టేసరికి మామ నాకు ఫోన్ చేశారు. "పారబోయబాకండి అని చెప్పినా. నువ్వు రీలు కెమెరా పట్టుకుని తిరుగుతుండావు కదా, వచ్చి చూసుకో. పనికొస్తాయేమో."

వెళ్లి చూశాను. ఫిల్మ్ రీలు కడిగే డెవలపర్ మందు పౌడర్ ప్యాకెట్లు ఆరు ఉన్నాయి, వాటిలో ఒకటి మూల చినిగింది. ఖాళీ హార్లిక్స్ సీసాలో డెవలపర్‌లో కలిపే మెటాల్. పాలిథిన్ సంచిలో రాయిలా బిగుసుకుపోయిన హైపో, రెండు కిలోల దాకా. గాజు బిరడా సీసాలో అసిటిక్ యాసిడ్. సగం ఖాళీ అయిన రోడినాల్ అనే డెవలపర్ సీసా, లోపల మందు కాఫీ డికాషన్‌లా నల్లగా ఉంది. లేబుల్ ఊడిపోయిన చిన్న సీసా ఒకటి, అందులో ముదురు నారింజ రంగు పలుకులు. డేటు కనిపిస్తున్న ప్రతిదానికీ అది ఎప్పుడో దాటిపోయింది.

"పనికొస్తాయా?" అన్నది వినడానికి ఒక్క ప్రశ్నే. ఆ పెట్టెలో మాత్రం ఆరు సామాన్లకు ఆరు జవాబులు ఉన్నాయి. ఫిల్మ్ మీద మళ్లీ మోజు పుట్టి, తాతల నాటి కెమెరాలు బీరువాల్లోంచి దిగుతున్న ఈ రోజుల్లో ఇలాంటి పెట్టెలు చాలా ఇళ్లలో బయటపడుతున్నాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ముందే చెబుతున్నా, ఇదంతా బ్లాక్ అండ్ వైట్ సంగతి. కలర్ గురించి చివర్లో నాలుగు మాటలు చాలు.

ఫిల్మ్ మీద ఉండేది జిలాటిన్ పొర, అందులో వెండి లవణాల పలుకులు. వెలుతురు తగిలిన పలుకుల్ని డెవలపర్ నల్లటి వెండిగా మారుస్తుంది. అసిటిక్ యాసిడ్ కలిపిన నీళ్లు ఆ పనిని అక్కడికక్కడ ఆపేస్తాయి. వెలుతురు తగలని పలుకుల్ని హైపో కరిగించి తీసేస్తుంది. ఆ తర్వాత నీళ్లతో కడుగుడు. మొదటి మెట్టులో మందు చచ్చి ఉంటే బొమ్మ రాదు, పోయింది పోయినట్టే. మూడో మెట్టులో మందు నీరసంగా ఉంటే ఆరోజుకి బొమ్మ చక్కగానే కనిపిస్తుంది, కొన్నేళ్ల తర్వాత పసుపు పచ్చగా మారుతుంది. మొదటిది వెంటనే ఏడిపిస్తుంది కాబట్టి అందరూ డెవలపర్ గురించే టెన్షన్ పడతారు. హైపోని పట్టించుకునేవాళ్లు తక్కువ.

ఈ మందుల్ని పాడుచేసేవి గాలి, తేమ, వేడి. మన నెల్లూరులో మూడూ ధారాళంగా దొరుకుతాయి. మే నెల ఎండలో పైకప్పు రేకులున్న గది పొయ్యి మీద పెనంలా ఉంటుంది. నవంబరులో తుఫాను పట్టిందంటే ఉప్పు డబ్బాలో ఉప్పే నీరు కారుతుంది. రసాయన చర్యలు పది డిగ్రీల వేడి పెరిగితే దాదాపు రెట్టింపు వేగంతో జరుగుతాయని ఒక మోటు లెక్క ఉంది. ఆ లెక్కన చల్లటి దేశంలో అల్మారాలో పదేళ్లు ఉన్న ప్యాకెట్టూ, ఇక్కడ రేకుల కింద పదేళ్లు ఉన్న ప్యాకెట్టూ ఒకటి కావు. ఎవరో విదేశీ ఫొటోగ్రాఫర్ "ముప్పై ఏళ్ల నాటి పౌడర్ భేషుగ్గా పనిచేసింది" అంటే అది ఆయన అల్మారా గొప్పతనం. ప్యాకెట్ మీది డేటు కంటే అది ఎక్కడ ఉందన్నది ముఖ్యం, సీలు ఊడిందా లేదా అన్నది ఇంకా ముఖ్యం.

అసలు డెవలపర్‌లో ఏముంటుందో చూస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. కొడాక్ 1927లో తెచ్చిన డి-76నే తీసుకుందాం, ఇప్పటికీ వాడుతున్నారు. లీటరు నీళ్లకు మెటాల్ 2 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు. బొమ్మను బయటికి లాగేవి మెటాల్, హైడ్రోక్వినోన్. రెండూ కలిపి 7 గ్రాములే. ఆ 7 గ్రాములకు 100 గ్రాముల సల్ఫైట్! దానికి వేరే పనులు కూడా ఉన్నాయి గానీ, ముఖ్యమైన ఉద్యోగం కాపలా. గాలిలోని ఆక్సిజన్ వచ్చి మెటాల్‌ని ముట్టకుండా ఆ దెబ్బ తను తింటుంది. తిని తిని సోడియం సల్ఫేట్ అయిపోతుంది. ఫైట్, ఫేట్, పలకడంలో పెద్ద తేడా లేదు, కానీ సల్ఫేట్‌కి కాపలా కాసే శక్తి లేదు. చూడటానికి రెండూ తెల్లటి పొడులే.

తేడా పట్టాలంటే కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలు. చెంచాడు నీళ్లలో నిమ్మ ఉప్పు కరిగించి, అనుమానం ఉన్న సల్ఫైట్ చిటికెడు అందులో వేయండి. అగ్గిపుల్ల గీసినప్పుడు ముక్కుకి కొట్టే ఘాటు వస్తే సల్ఫైట్ ఇంకా ఉన్నట్టు. ఏ వాసనా లేకపోతే అది సల్ఫేట్ అయిపోయింది. కిటికీ తెరిచి చేయండి, ముక్కు దగ్గర పెట్టుకోకుండా చేత్తో విసురుకుని చూడండి. ఆస్తమా ఉన్నవాళ్లు అసలు చేయొద్దు. ఇది ఉందా లేదా అన్నదే చెబుతుంది, ఎంత మిగిలిందో చెప్పదు.

పౌడర్ రంగు కూడా కొంత చెబుతుంది. ఉప్పులానో, కొంచెం మీగడ రంగులోనో ఉంటే ఆశ పెట్టుకోవచ్చు. బెల్లం పొడి రంగుకి వచ్చిందంటే మెటాల్‌కి గాలి తగిలింది. మామ పెట్టెలో మూల చినిగిన ప్యాకెట్ అచ్చం అలాగే ఉంది. గడ్డ కట్టడం వేరు, అది తేమ పని. రంగు మారకుండా గడ్డ కట్టినది కరిగించి చూడొచ్చు. ఇంకో మాట: ప్యాకెట్ ఎప్పుడూ మొత్తం ఒకేసారి కలపాలి. సగం వాడి సగం దాచుకుందామంటే కుదరదు. ఏళ్లకేళ్లు కదలకుండా ఉన్న పొడిలో ఏ పదార్థం ఏ మూల చేరిందో తెలీదు, మీ సగంలోకి మెటాల్ సరిగ్గా వచ్చిందన్న గ్యారంటీ లేదు.

నీళ్లలో కలిపాక ఆయుష్షు ఒక్కసారిగా పడిపోతుంది. డి-76 నిండు సీసాలో ఆరు నెలలు, సగం సీసాలో రెండు నెలలు అని కొడాక్ లెక్క. సీసా నిండుగా ఉంచడానికి పాతవాళ్లు గోళీలు వేసేవాళ్లు. మందు తగ్గిన కొద్దీ కడిగిన గాజు గోళీలు వేస్తే మట్టం పైకి వస్తుంది, గాలికి చోటుండదు. మామ దగ్గర గోళీల డబ్బా ఎందుకుండేదో నాకు చిన్నప్పుడు అర్థం కాలేదు. ఆడుకోవడానికి అడిగితే మాత్రం ఇచ్చేవారు కాదు.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. మందు సగం నీరసించింది కదా, టైము డబుల్ చేస్తే సరిపోతుందనుకుంటారు. లెక్క అంత తిన్నగా నడవదు. డి-76లో హైడ్రోక్వినోన్ సొంతంగా చేసేది దాదాపు ఏమీ లేదు, అలిసిపోయిన మెటాల్‌ని మళ్లీ లేపి నిలబెట్టడమే దాని పని. ఈ జతలో ఒకటి పడిపోతే రెండోది ఒంటరిగా ఈడ్చలేదు. పైగా ఇంకో తిరకాసు ఉంది. కలిపి ఉంచిన డి-76లో హైడ్రోక్వినోన్ మెల్లగా గాలికి మారి సల్ఫైట్‌తో కలిసేటప్పుడు కాస్త క్షారం పుడుతుంది. క్షారం పెరిగితే డెవలపర్ చురుకు పెరుగుతుంది. అంటే కొన్ని వారాల నాటి సీసా కొత్తదానికంటే ఘాటుగా పనిచేసి, ఆ తర్వాత నీరసించవచ్చు. టైము పెంచాలా తగ్గించాలా అన్నది క్యాలెండర్ చూసి తేల్చలేం.

రంగు నమ్మదగిన సాక్షా? ఒక్కో మందుకి ఒక్కో తీరు. మామూలు మెటాల్-హైడ్రోక్వినోన్ మందు లేత గడ్డి రంగులో ఉంటే ఫరవాలేదు, టీ రంగుకి వస్తే వదిలేయండి. రోడినాల్ దీనికి పూర్తిగా ఎదురు. 1891 నుంచీ ఉన్న ఈ మందు బాగా చిక్కగా, బాగా క్షారంగా ఉంటుంది. డికాషన్‌లా నల్లబడ్డాక కూడా ఏళ్ల తరబడి పనిచేస్తుందని పేరు. విటమిన్ సి ఆధారంగా చేసే డెవలపర్లు ఇంకో రకం. అవి రంగు మారకుండానే చచ్చిపోతాయి.

ఆ సంగతి నేను డబ్బులిచ్చి నేర్చుకున్న పాఠం. మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగకి వెళ్లి ఒక రోల్ మొత్తం తీశాను. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఒకరి చేతిలోంచి ఒకరు రొట్టె అందుకుంటున్న ఆడవాళ్లు, తడిసిన కొంగులు, వెనక బారా షహీద్ దర్గా. ఇంటికొచ్చి ఏడాది క్రితం కలిపి పెట్టుకున్న విటమిన్ సి డెవలపర్ సీసా తీశాను. మంచినీళ్లలా తేటగా ఉంది. అంత తేటగా ఉంది కాబట్టి బాగుందనుకున్నాను. కడిగి, హైపో చేసి, ట్యాంకు మూత తీసి రీలు విప్పితే ఈ చివర నుంచి ఆ చివరిదాకా గాజు పట్టీలా ఉంది. ఒక్క మచ్చ లేదు. ముప్పై ఆరు ఫొటోల్లో ఒక్కటి లేదు.

కెమెరా తప్పా, మందు తప్పా అని ఆ రోజు చాలాసేపు తల బద్దలు కొట్టుకున్నాను. మామ ఒక్క నిమిషంలో తేల్చారు. "అంచున నంబర్లు ఉండాయా?" అని అడిగారు. ఫిల్మ్ అంచుల్లో కంపెనీ పేరూ ఫ్రేము నంబర్లూ ఫ్యాక్టరీలోనే వెలుతురుతో అచ్చు వేసి పంపుతారు. అవి కూడా డెవలపర్ తగిలితేనే నల్లగా బయటికొస్తాయి. నంబర్లు స్పష్టంగా ఉండి బొమ్మలు లేకపోతే తప్పు కెమెరాది, రీలు ముందుకు తిరగలేదో షట్టర్ తెరుచుకోలేదో. నంబర్లు కూడా లేకపోతే డెవలపర్ చచ్చిపోయింది, లేదా కంగారులో హైపో ముందు పోశారు. నా రీలు అంచున ఏమీ లేదు.

కాబట్టి రంగునీ డేటునీ పక్కన పెట్టి పరీక్ష చేసుకోండి. రోల్ మొదట్లో బయటికి తోకలా ఉండే ముక్కకి ఎలాగూ వెలుతురు తగిలిపోయి ఉంటుంది. దాన్లోంచి రెండంగుళాలు కత్తిరించి, పగటి వెలుతురులోనే డెవలపర్‌లో వేయండి. కాసేపటికి మసకబారడం మొదలై, మామూలుగా కడిగే టైము పూర్తయ్యేసరికి బొగ్గులా నల్లబడాలి. బల్బుకి అడ్డం పెట్టి చూస్తే బూడిద రంగులో బల్బు తేలిగ్గా కనిపిస్తోందంటే ఆ మందుతో పని లేదు.

ఈ పరీక్షలో నెగ్గినా సంబరపడకండి. తోక ముక్క మీద పడింది బోలెడంత వెలుతురు. కాస్త ఊపిరి ఉన్న డెవలపర్ కూడా దాన్ని నల్లబరచగలదు. నీడలో ఉన్న ముఖం, నల్ల జుట్టులో పోగులు, ఇవి రాబట్టడానికి పూర్తి బలం కావాలి. అందుకని రెండో మెట్టు: ఒక రోల్ మొదట్లో ఎదురింటి గోడనో గేటునో ఐదారు ఫ్రేములు తీసి, చీకట్లో అంతవరకే కత్తిరించి కడిగి చూసుకోవాలి. మామూలుగా వచ్చే మీ నెగటివ్ పక్కన పెడితే తేడా తెలిసిపోతుంది. పాత మందు పరీక్షకి కొత్త ఫిల్మే వాడండి. డేటు దాటిన ఫిల్మ్‌నీ డేటు దాటిన మందునీ కలిపితే, బొమ్మ మసకగా వచ్చినప్పుడు ఎవర్ని తిట్టాలో తెలీదు.

పరీక్షంతా గాలికి పోయే చోటు ఇంకొకటి ఉంది, నీళ్లు. ఫిల్మ్ టైములన్నీ మామూలుగా 20 డిగ్రీలకి ఇస్తారు. ఎండాకాలంలో మన మేడ మీది ట్యాంకు నీళ్లు ఎంత వేడిగా ఉంటాయో చెప్పక్కర్లేదు. 20 దగ్గర పది నిమిషాలు పట్టేది 24 దగ్గర ఏడు నిమిషాలకే అయిపోతుంది. ఇంకా వేడెక్కితే నిమిషాలు మరీ తగ్గిపోయి మరకలు పడతాయి, జిలాటిన్ ఉబ్బి మెత్తబడుతుంది. పాతరోజుల్లో ఉష్ణదేశాల కోసం చేసిన డెవలపర్లలో ఆ ఉబ్బు ఆపడానికే సోడియం సల్ఫేట్ కలిపేవారు. ఇందాక మనం పనికిరాదన్న సల్ఫేట్‌కి అక్కడ ఉద్యోగం దొరికింది. నేనైతే సీసాని ఐసుముక్కలు వేసిన బకెట్‌లో నిలబెట్టి థర్మామీటర్ చూసుకుంటాను. ఇక బోరు నీళ్లు. కనిగిరి వైపు బోరు నీళ్ల సంగతి అందరికీ తెలిసిందే. ఆ గట్టి నీళ్లతో డెవలపర్ కలిపితే తెల్లటి తెట్టు కడుతుంది, మందు పాడైందని అనుమానం వస్తుంది. కలపడానికి ఆర్వో క్యాను నీళ్లు తీసుకుంటే ఆ గొడవ లేదు.

అసిటిక్ యాసిడ్ గురించి రెండే ముక్కలు. అది పాడవదు. బిరడా తీస్తే కళ్లు మండేంత ఘాటుగా ఉంటే బాగున్నట్టే. చిక్కటి యాసిడ్ చర్మాన్ని కాలుస్తుంది, కాబట్టి దాన్ని నీళ్లలో పోయాలి గానీ దానిలో నీళ్లు పోయకూడదు.

ఇప్పుడు హైపో. దీని అసలు పేరు సోడియం థయోసల్ఫేట్. వెండి లవణాల్ని ఇది కరిగిస్తుందని జాన్ హెర్షెల్ 1819లోనే కనిపెట్టారు. ఇరవై ఏళ్లకు, 1839లో ఫొటోగ్రఫీ పుట్టినప్పుడు అది అక్కరకొచ్చింది. పొడి పలుకులుగా ఉన్నంతకాలం హైపో చాలా ఓపికైన పదార్థం. మామ సంచిలోది రాయిలా బిగుసుకుపోవడం చూసి నేను పారేద్దామన్నాను. ఆ పలుకుల్లోనే నీరు దాగి ఉంటుంది. 48 డిగ్రీల దగ్గర ఆ నీటిలో అవే కరిగి, చల్లారాక ముద్దవుతాయి. రేకుల గదిలో అంత వేడి పెద్ద విషయం కాదు. అంటే గడ్డ కట్టడం జబ్బు లక్షణం కాదు. సుత్తితో కొట్టి గోరువెచ్చటి నీళ్లలో వేస్తే తేటగా కరిగింది. కరిగేటప్పుడు హైపో వేడిని లాక్కుంటుంది. చేతిలో బకెట్ కుండలో నీళ్లంత చల్లబడిపోయింది.

నీళ్లలో కలిపి నిలవుంచిన హైపో సంగతి వేరు. నీళ్లలో కలిపిన హైపోనే ఫిక్సర్ అంటారు. ముఖ్యంగా ఆమ్లం కలిపిన ఫిక్సర్ కాలం గడిస్తే విరిగిపోతుంది, పాలు విరిగినట్టే. థయోసల్ఫేట్‌లోంచి గంధకం విడిపోయి నీళ్లు తెల్లగా, తర్వాత పసుపుగా మబ్బుపడతాయి, సీసా అడుగున మడ్డి చేరుతుంది. వడపోసి వాడుకుందాం అనుకోకండి. ఆ సన్నటి గంధకం జిలాటిన్‌లోకి దూరితే బయటికి రాదు.

మడ్డి లేనంత మాత్రాన బలం ఉన్నట్టు కాదు. దీనికీ తోక ముక్కే పరీక్ష. ముక్క మీద ఒక చుక్క ఫిక్సర్ వేసి అరనిమిషం ఆగి, ముక్క మొత్తం ఫిక్సర్‌లో ముంచండి. ముందుగా చుక్క పడిన చోట గుండ్రటి తేటమచ్చ కనిపిస్తుంది. చుట్టూ ఉన్న పాల రంగు కరిగి, ఆ మచ్చ కలిసిపోయి కనబడకుండా పోయేదాకా వాచీ చూడండి. అది తేటపడే టైము. ఫిల్మ్‌ని దానికి రెట్టింపు సేపు ఉంచాలి. ఆ టైము కొత్త హైపోలో పట్టినదానికి రెట్టింపు అయిందంటే ఆ సీసాకి సెలవివ్వాలి.

తొందరపడి తక్కువ సేపు ఉంచితే ఏమవుతుంది? నెగటివ్ మీద పాలచారలు కనిపిస్తే అదృష్టమే, కొత్త హైపోలో మళ్లీ ముంచితే పోతాయి. కంటికి కనిపించకుండా మిగిలిపోయే వెండి సమ్మేళనాలతోనే చిక్కు. ఏళ్లు గడిచాక అవి పసుపు, గోధుమ మరకలుగా బయటపడతాయి. పాత పెళ్లి ఆల్బమ్‌లలో కొన్ని ఫొటోలు టీ ఒలికినట్టు ఉండటం చూసే ఉంటారు. వాటిలో కొన్నిటికైనా ఆ రోజు అరిగిపోయిన హైపోనో, సరిగ్గా కడగకపోవడమో కారణం.

అందుకే నా మాట: డెవలపర్ పాతది వాడాలని సరదాగా ఉంటే పరీక్షించి వాడండి, కలిపి ఉన్న పాత ఫిక్సర్‌తో మాత్రం బేరాలాడకండి. అందులోనూ మన జిల్లాలో ఉండి! రొయ్యల హేచరీల్లో నీళ్లకు క్లోరిన్ కొట్టాక దాన్ని విరగ్గొట్టడానికి వాడేది ఈ సోడియం థయోసల్ఫేటే. ఆక్వా మందుల షాపులో అడిగితే దొరుకుతుంది. లీటరు నీళ్లకు పలుకులు 250 గ్రాములు, సోడియం సల్ఫైట్ ఓ 15 గ్రాములు వేస్తే సాదా ఫిక్సర్ తయారు. నెమ్మదిగా పనిచేస్తుంది, అంతే.

కలర్ సంగతి త్వరగా ముగిస్తాను. కలర్ నెగటివ్‌లు కడగడానికి 1972లో వచ్చిన సి-41 పద్ధతిలో 37.8 డిగ్రీల దగ్గర మూడు రంగుల పొరలు ఒకే మందులో సమానంగా పెరగాలి. మందు నీరసిస్తే మూడూ ఒకేలా తగ్గవు. నీడలు ఒక రంగుకి, వెలుగులు ఇంకో రంగుకి తిరుగుతాయి, స్కానర్‌లో ఒకటి సరిచేస్తే రెండోది చెడుతుంది. పాత కలర్ కిట్ కనిపిస్తే ఆశపడొద్దు.

ఆ నారింజ పలుకుల సీసా మిగిలింది. మామ దూరం నుంచే చూసి "అది డైక్రోమేట్ అయ్యుంటది, మూత తియ్యబాకు" అన్నారు. పొటాషియం డైక్రోమేట్ క్యాన్సర్ కారకం, పాత డార్క్‌రూముల్లో బ్లీచ్‌కి వాడేవారు. లేబుల్ లేని సీసా ఏదైనా వాసన చూడటం, వేలితో ముట్టడం వద్దు. రెండు కవర్లలో చుట్టి, మీద పేరు రాసి, కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే స్నేహితుడికి అప్పగించాను. మెటాల్ కూడా కొందరి చేతులకు దద్దుర్లు తెప్పిస్తుంది, గ్లోవ్స్ వేసుకోండి. వాడేసిన హైపోలో వెండి ఉంటుంది, కాలవలో పోస్తే చెరువుకీ గుంటలకీ చేరుతుంది. నెల్లూరు పొగతోటలో ఎక్స్‌రే ల్యాబుల దగ్గర ఒకప్పుడు ఆ వెండి కోసమే వాడిన హైపో కొనుక్కుపోయేవాళ్లు వచ్చేవారని మామ చెబుతారు. నేను నా హైపోలో ఇనుప పీచు వేసి ఉంచుతున్నాను. వెండి దాని మీదికి నల్లటి మడ్డిగా దిగుతుంది.

ఇంతకీ పెట్టె లెక్క. చినిగిన ప్యాకెట్, హార్లిక్స్ సీసాలోని మెటాల్ పనికిరాలేదు. మిగతా ఐదు ప్యాకెట్లలో ఒకటి కలిపి, తోక ముక్కతో పరీక్షించి, స్టూడియో షట్టర్ ఫొటోలు ఆరు తీసి కడిగాను. హైపో మామ సంచిలోదే. ట్యాంకు మూత తీశాక తడి పట్టీని మామ చేతికిచ్చాను. ఆయన దాన్ని ట్యూబ్‌లైట్‌కి ఎత్తి పట్టుకుని, షట్టర్ వైపు చూడకుండా ముందు అంచు వెంట బొటనవేలు జరుపుతూ నంబర్లు చదివారు.

"ఉండాయి," అన్నారు. "ఇంకో పది నిమిషాలు నీళ్లలో ఉంచు."